రెండు వేళ్ల సందు

నా చిన్నప్పుడు మాకు రెండు కప్పులు ఉండేవి. ఒకటి బంగారు గనుల ఊరైన కోరమండల్‌లో గని కూలీలకు వరుసగా కట్టి ఇచ్చిన లైన్ ఇంటి రేకుల కప్పు. వాన పడితే పక్కన కూర్చున్న మనిషి మాట కూడా వినబడనిచ్చేది కాదు. రెండోది గుడ్డ కప్పు, మా పెదనాన్న గుడారం. ఆ తర్వాత ఎన్ని ఇళ్లు మారానో లెక్కలేదు. ఇప్పుడు తమక అనే ఊళ్లో కూతురు కట్టుకున్న మేడలో నిక్షేపంగా ఉన్నాను. అయినా కప్పు అనే మాట వింటే ముందు గుర్తొచ్చేది ఆ గుడ్డే, దాని కింద ఎండలో మగ్గిన ఆ వాసనే.

మొన్న మా మనవరాలు ఒక గుడారం కొనుక్కొచ్చింది. కాలేజీ స్నేహితురాళ్లతో కలిసి కొండ ఎక్కి రెండు రోజులు ఉండి రావాలని దాని ముచ్చట. మేడ మీద సంచీ విప్పి, సన్నటి చువ్వలు గుచ్చి, నేను మెట్లెక్కి వచ్చేలోపే దాన్ని నిలబెట్టేసింది. ఆకుపచ్చగా తళతళలాడుతూ కొత్త గొడుగులా ఉంది. నేను దగ్గరికి పోయి, కట్టిన తాడును వేలితో మీటి, చెవి ఒగ్గి విన్నాను. మనవరాలు పడీ పడీ నవ్వింది.

"ఏమవ్వా, గుడారం నీకు ఫోన్ చేస్తా ఉండాదా?" అంది.

నవ్వితే నవ్వనీ. దాని వయసుకు నవ్వు కాక మరేం వస్తుంది! నేను మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని ఆ గుడ్డను వాసన చూశాను. ప్లాస్టిక్ సంచీ వాసన తప్ప మరేమీ లేదు. అంతలోనే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. గుడారం చూసి ఏడ్చే ముసలిది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా పెదనాన్న గనిలో టింబర్‌మేన్. భూమి లోపల తవ్విన చోట పైరాయి కూలకుండా కొయ్య దుంగలు నిలబెట్టి, సందుల్లో చెక్క ముక్కలు బిగించి కొట్టే పని ఆయనది. ఆ బిగించే చెక్కను వాళ్లు వెడ్జి అనేవాళ్లు. ఒకవైపు మందంగా, రెండోవైపు పలచగా, అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. పెద్దమ్మ నేను పుట్టకముందే కన్నుమూసింది. వాళ్లకు పిల్లలు లేరు. మా అమ్మా, నేనూ, ఆయనా ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. ఆయన తెచ్చిన జీతంతోనే మా పొయ్యి వెలిగేది.

గనిలో పనిచేసిన వాళ్లకు ఒక అలవాటు అంటుకుంటుంది. ఏ కప్పు కిందికి పోవాలన్నా ముందు దాన్ని తట్టి వింటారు. లోపల ఇనుపకడ్డీతో పైరాయిని తడితే అది ఖంగుమంటే మంచిదట, డొల్లగా పలికితే వెనక్కి తిరగాల్సిందేనట. మా పెదనాన్న ఆ అలవాటును పైకి కూడా మోసుకొచ్చాడు. పెళ్లి పందిట్లోకి పోయినా ముందు గుంజను వేళ్లతో తట్టేవాడు. ఆండర్సన్‌పేటలో ఎవరో చుట్టాలు కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిస్తే, ఈయన గడప దాటకుండా ద్వారబంధం తడుతూ నిలబడ్డాడని వాళ్లు నెల రోజులు మాతో మాట్లాడలేదు.

అలాంటి మనిషి ఒకరోజు ఆండర్సన్‌పేట పాత సామాన్ల అంగడి నుంచి ఒక గుడారాన్ని సైకిల్ మీద వేసుకొచ్చాడు. దొరల కాలంలో ఎవరో వేటకు పోయేటప్పుడు వాడిందట. మందపాటి కాన్వాసు, రంగు ఏదో తెలియనంతగా వెలిసిపోయి ఉంది. లైనంతా చేరి చూశారు. ఇంత ఇల్లుండగా ఇదెందుకు బావా అని మా అమ్మ గొణిగింది. ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ ఆయన గొంతుతోనే వినిపిస్తుంది.

"ఇన్నేండ్లు రాయి కిందనే ఉండినా కదమ్మా. అది పడితే ఇంగ లేసేది లేదు. ఇది పడిందనుకో, నవ్వుకుంటా బయటికి రావచ్చు."

మొదటిసారి దాన్ని సైనైడ్ దిబ్బ మీద వేశాడు. బంగారం తీసేసిన రాయిపిండిని పోసి పోసి కట్టిన తెల్లటి గుట్టలు మా లైన్ల వెనకే ఉండేవి. చదునుగా, మెత్తగా, పరుపులా ఉందని అక్కడ వేశాడు. ఆ ఇసుకలో మేకులు ఎక్కడ నిలుస్తాయి? ఒక్క గాలికి నాలుగు వైపులా ఊడి, గుడారం దొర్లుకుంటూ పోయింది. పగ్గం తెంచుకున్న దూడ వెనక పరిగెత్తినట్టు మా పెదనాన్న దాని వెనక పరిగెత్తాడు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ మరుసటి వారం దిబ్బ అంచున ఎర్రమన్ను మొదలయ్యే చోటు చూసుకున్నాడు. అరిగిపోయిన డ్రిల్లు చువ్వలను కొలిమిలో వంపించి మేకులు చేయించాడు. వాటిని గుడారం వైపు కాకుండా బయటి వైపుకు వాల్చి దిగగొట్టాడు. ఇక అది కదలలేదు.

ప్రతి ఆదివారం అదే మా పండుగ. నేనూ ఆయనా మోసుకుపోయి వేసేవాళ్లం, సాయంత్రం విప్పి మోసుకొచ్చేవాళ్లం. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు కానీ గుడారం దగ్గర మాటలు వచ్చేవి. వాన మొదలైతే తాళ్లు కాస్త వదులు చేయాలని, తడిస్తే తాడు బిగుసుకుని మేకులను పెరికేస్తుందని చెప్పాడు. వాన పడుతున్నప్పుడు లోపలి నుంచి గుడ్డను తాకొద్దనేవాడు. నేను వినకుండా ఒకసారి వేలు పెట్టాను. ఆ వేలు పెట్టిన చోటి నుంచి సాయంత్రం దాకా నా నెత్తి మీదే చుక్క చుక్క కారింది. తడి ఆరకుండా మడిస్తే గుడ్డకు నల్ల మచ్చలు పడి, చీకిపోతుందని, ఆరిన తర్వాత కూడా దిబ్బ దుమ్ము దులిపే మడవాలని ఆయన పట్టుదల. మా అమ్మ తన పట్టుచీరను కూడా అంత జోపానంగా మడిచేది కాదు.

ఇంకో ఆట ఉండేది మాకు. నేను లోపల ఉంటే ఆయన వస్తూనే బయటి తాడును వేలితో మీటేవాడు. అది బుంయ్‌మనేది. నేను లోపలి గుంజను రెండుసార్లు తట్టాలి. గనిలో ఇటువైపు వాళ్లు అటువైపు వాళ్లకు తట్టి చెప్పే సైగ అది, నేను బాగున్నాను అని అర్థమట. నా జవాబు వింటే గానీ ఆయన తల వంచి లోపలికి వచ్చేవాడు కాదు.

గుడారం ద్వారానికి రెండు గుడ్డ రెక్కలు ఉండేవి, తాడు అల్లి మూసుకునేలా. వాటి పైభాగాన, గుంజకూ గుడ్డకూ మధ్య, మా పెదనాన్న ఒక వెడ్జి దూర్చి పెట్టేవాడు. దానివల్ల ద్వారం ఎంత బిగించి మూసినా పైన రెండు వేళ్ల సందు మిగిలేది. చెయ్యి తగిలి తగిలి నున్నబడిన చెక్క అది. "ఈ వెడ్జి తీయొద్దు, సందు మూయొద్దు" అనేవాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. నాకు నాలుగేళ్లు వచ్చేసరికే ఆయన లేడు. ఫొటో ఒకటి ఉండేది, నెత్తిన టోపీ, టోపీకి దీపం, మూతి మీద నవ్వు. ఎవరు అడిగినా మా అమ్మ ఒకటే మాట అనేది, "గనిలో పోయినాడు" అని. మన మాటలో పోవడం అంటే వెళ్లడమూ అవుతుంది, చనిపోవడమూ అవుతుంది. నేను నాకు కావలసిన అర్థం తీసుకున్నాను. గనిలోకి పోయినవాళ్లు షిఫ్ట్ దిగగానే పైకి వస్తారు కదా, మా నాన్న షిఫ్ట్ కొంచెం పొడుగుది, అంతే. మధ్యాహ్నం రెండు గంటల సైరన్ కూయగానే నేను గడపలోకి వచ్చి నిలబడేదాన్ని. మట్టి కొట్టుకున్న మొహాలు గుంపుగా వచ్చేవి. ఒక్కొక్కరినీ చూసేదాన్ని. చివరికి మా పెదనాన్న వచ్చేవాడు. ఆయన చెయ్యి పట్టుకుని, నాయన షిఫ్ట్ ఇంకా అయిపోలేదా అని అడిగేదాన్ని. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "ఇంగా లేదు పాపా" అనేవాడు.

తొమ్మిదేళ్లు వచ్చేసరికి కూడా అంత అమాయకురాలివా అని మీరడగవచ్చు. కాదు. అమ్మ నుదుటి మీద బొట్టు లేకపోవడం నేను చూస్తూనే ఉన్నాను. బళ్లో పిల్లలు అన్న మాటలూ విన్నాను. తెలుసు, కానీ తెలుసుకోలేదు. అలా ఉండడం ఎంత సుఖమో పిల్లలకే తెలుస్తుంది.

ఆ ఏడు ఆషాఢంలో గాలులు మొదలయ్యాయి. ఆ గాలికి దిబ్బలు లేచి ఊరి మీద పడేవి. అన్నంలో, నీళ్లలో, కళ్లలో అదే తెల్లపిండి. లైన్లలో ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లు పాత చీరలు చింపి, తడిపి, తలుపు సందుల్లో, కిటికీ సందుల్లో కుక్కేవాళ్లు. ఎంత బాగా కుక్కితే అంత పనిమంతురాలు. మా అమ్మకు అందులో లైనంతా పేరు.

ఒక ఆదివారం చిన్న వాన పడి గుడారం తడిసింది. ఆరాలని దాన్ని అలాగే నిలబెట్టి, మా పెదనాన్న సోమవారం పొద్దున షిఫ్ట్‌కు పోయాడు. బడికి ఆ రోజు సెలవు. పక్కింటి అక్క నన్ను పిలిచింది. ఆమెకు పధ్నాలుగేళ్లు ఉంటాయి. వాళ్లింట్లో తమిళం, మాతో మా తెలుగు. గుడారంలో నిజంగా కాపురం పెడదాం రమ్మంది. వాళ్లింటి చిన్న కుంపటిలో రగిలిన బొగ్గులు వేసుకుని, కొంగులో వేరుశనక్కాయలు కట్టుకుని వచ్చింది. చలిగాలి ఈడ్చి కొడుతోంది. లోపల కూర్చుని కాయలు వేయించుకుంటూ, ఒళ్లు కాచుకుంటూ, పెదనాన్న వచ్చేసరికి ఆయనకూ కొన్ని ఉంచాలని మా ఆలోచన.

లోపలికి పోయామో లేదో దుమ్ము ముంచెత్తింది. ఇంక చూడండి మా పనితనం. పాత చీర ముక్కలు తడిపి తెచ్చి, గుడ్డకూ నేలకూ మధ్య ఉన్న సందులన్నీ కుక్కాము. అంచుల మీద మన్ను పోసి అదిమాము. ద్వారం రెక్కలను తాడుతో గట్టిగా అల్లాము. పైన ఆ రెండు వేళ్ల సందు మిగిలింది, దాంట్లోంచి దుమ్ము రాలుతోంది. గుడ్డ ఆరడానికే కదా పెదనాన్న దాన్ని తెరిచి ఉంచమన్నది అనుకున్నాను. అక్క నన్ను ఎత్తుకుంది. నేను వెడ్జిని లాగి, గౌను జేబులో వేసుకుని, ఆ సందులో కూడా తడిగుడ్డ కుక్కేశాను. దుమ్ము ఆగిపోయింది. అమ్మ చూస్తే మురిసిపోతుంది అనుకున్నాను.

ఇలాంటి పొరపాటు చేయాలంటే మా ఊళ్లోనే పుట్టాలి. వేరే ఊరి పిల్లలైతే గుడారాన్ని ఇంత శ్రద్ధగా మూసి ఉండేవాళ్లు కాదు.

కాయలు చిటపటలాడాయి. నాలుగు తిన్నాము. కొంచెంసేపటికి నా కణతల దగ్గర దబదబా కొట్టుకోవడం మొదలైంది. అక్క మొహం ఎర్రగా అయింది. వికారంగా ఉందంది. ఏమైందక్కా అంటే, "ఒన్నుమిల్లె, ఏమీ లేదు, కొంచేపు పనుకుంటా" అని ద్వారం పక్కన ఒరిగింది. పొగ లేదు, వాసన లేదు, భయపడడానికి కళ్ల ముందు ఏమీ లేదు. నాకు చలి వేసింది. కుంపటిలో బొగ్గులు బూడిద కప్పుకుంటున్నాయి. వేయడానికి ఏమైనా ఉందా అని చూస్తే జేబులో ఆ వెడ్జి తగిలింది. చెక్కే కదా అని కుంపటిలో పెట్టేశాను.

తర్వాత నేనూ ఒరిగాను. కాళ్లు నావి కానట్టు ఉన్నాయి. దూరంగా రెండు గంటల సైరన్ కూసింది. నాయన షిఫ్ట్ దిగుతాడు అనుకున్నాను. ఆయన వచ్చాడు కూడా. నెత్తిన దీపంతో, ఫొటోలో ఉన్న నవ్వుతోనే, గుడారం లోపలికి వంగి నన్ను చూశాడు. లేచి పోవాలనిపించింది కానీ లేవలేకపోయాను. నాకు ఏ భయమూ లేదు. చాలా సంతోషంగా ఉండింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ రోజును తలచుకుంటే నన్ను వణికించేది ఆ సంతోషమే.

ఆ తర్వాత నాకు గుర్తున్నది గుడ్డ చిరిగిన చప్పుడు. పై నుంచి కింది దాకా ఒక్క గీత, దాంట్లోంచి తెల్లటి వెలుతురు. దారం పోగు ఊడినా ప్రాణం పోయినట్టు బాధపడే మా పెదనాన్న, జేబులోని కత్తితో తన గుడారాన్ని తానే చీల్చేశాడు. ముందు ద్వారం దగ్గరున్న అక్కను ఈడ్చి బయట వేశాడు. ఆమె తర్వాతే నన్ను ఎత్తుకున్నాడు. కుంపటిని ఒక్క తన్ను తన్నాడు, అది దొర్లి నిప్పులు మన్నులో పడ్డాయి. ఆయన చెంప నా చెంపకు ఆనించి, "పనుకోవద్దు పాపా, పనుకోవద్దు, నన్ను చూడు" అంటూనే ఉన్నాడు. ఆయన గొంతు అలా పలకడం అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

గాలిలో పడేసరికి అక్క కక్కుకుంది, నేను దగ్గాను. చుట్టుపక్కల వాళ్లు పరిగెత్తుకొచ్చారు. మమ్మల్ని ఆసుపత్రికి మోసుకుపోయి, మరుసటి రోజు దాకా అక్కడే ఉంచి పంపారు. ఇద్దరమూ బతికాము. అక్క ఆ తర్వాత చాలాకాలం బాగుంది, నలుగురు పిల్లల తల్లి అయింది, ఎప్పుడు కలిసినా వేరుశనక్కాయలు పెడితే మాత్రం ముట్టేది కాదు.

ఇంటికి వచ్చాక తిట్లు పడతాయని ఎదురుచూశాను. పడలేదు. మా అమ్మ నన్ను ఒళ్లో నుంచి దించలేదు. మా పెదనాన్న ఇంట్లో లేడు. ఎక్కడని అడిగితే, గుడారం దగ్గర మన్ను జల్లిస్తున్నాడని చెప్పింది. నేను నెమ్మదిగా నడిచి పోయాను. నిజమే. మోకాళ్ల మీద కూర్చుని, కుంపటి దొర్లిన చోట మన్నును గుప్పిళ్లతో తీసి, వేళ్ల సందుల్లోంచి వదులుతున్నాడు. చాలాసేపటికి దొరికింది. ఆ వెడ్జి. పలచటి వైపు అంచు నల్లగా కాలిపోయి ఉంది. పంచె కొంగుతో దాన్ని తుడిచి, ఊది, మళ్లీ తుడిచాడు. ఒక చెక్క ముక్కకు ఇంత ఆరాటమా అని నాకు వింతగా తోచింది. కొంచెం కోపమూ వచ్చింది. నన్ను చూడడానికి రాకుండా దీన్ని వెతుక్కుంటున్నాడు కదా అని.

ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చీలిన గుడ్డను మోకాళ్ల మీద పరుచుకుని, దబ్బనంలోకి మైనం పూసిన దారం ఎక్కించి కుట్టడం మొదలుపెట్టాడు. గుడ్డ రెండు అంచులనూ కలిపి పట్టుకోమని నాకు ఇచ్చాడు. అరమూర దాకా కుట్టిన తర్వాత మాట్లాడాడు.

"సందు మూయొద్దని చెప్తిని. ఎందుకు మూయగూడదో చెప్పకపోతిని. అది నా తప్పు పాపా."

నేను గుడ్డ అంచులను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"దుమ్ము మేలు. కంటికి కనపడ్తాది, దగ్గిచ్చి లేపుతాది. బొగ్గుల నుంచి వచ్చే చెడ్డ గాలి అట్ల కాదు. జో కొట్టి పనుకోబెడ్తాది. గుడ్డ ఇల్లయినా, రేకుల ఇల్లయినా, మూసిన చోట నిప్పు పెట్టగూడదు. మనం ఊపిరి తీసేదానికి ఒక సందు ఉండల్ల."

నీకెలా తెలుసని అడిగాను. ఊరికే అడిగాను. ఆయన దబ్బనం ఆపేశాడు.

"మీ నాయన పోయింది అట్లనే."

అప్పుడు చెప్పాడు. నాన్న కూడా ఆయన దగ్గరే టింబర్ పని చేసేవాడట. లోపల రాయి పేల్చిన తర్వాత, అక్కడ నిండిన చెడ్డ గాలి పోయేదాకా ఎవరూ లోపలికి పోకూడదు. నాన్న తన ఇనుపకడ్డీ అక్కడే మరిచిపోయాడు. ఒక్క అడుగే కదా, తెచ్చుకుంటానని అన్నకు కూడా చెప్పకుండా పోయాడు. ఎంతకూ రాకపోతే పెదనాన్న ఇటువైపు నుంచి రాయిని తట్టాడు. అటు నుంచి జవాబు రాలేదు. ఆ గాలి పోయాక లోపలికి పోయి చూస్తే, తమ్ముడు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు.

"నిద్రపోతా ఉండాడనుకుంటి. లేపినా. ఎంత లేపినానో" అన్నాడు. తర్వాత పక్కనున్న వెడ్జిని తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది వాని జేబులో ఉండె."

నేను ఆ చెక్కను చూశాను. నా చేత్తో నేను నిప్పులో పెట్టిన చెక్క అది. ఏడవడానికి కూడా భయమేసింది. ఆయన నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తాడు.

"ఏడ్సొద్దు. విను. నిన్న షిఫ్ట్ దిగి నేరుగా ఇంటికి పోతా ఉంటి. బొగ్గులకు పొగ రాదు గదా, చెక్కకు వస్తాది. గుడారం కొనలో సన్నంగా పొగ కనపడె. ఏందో చూస్తామని ఇట్ల తిరిగినా. తాడు మీటినా, నువ్వు తట్టలేదు." నా చేతిలోని చెక్క కాలిన అంచు మీద వేలు పెట్టాడు. "ఈ చెక్క కాలకపోయుంటే నేను ఇట్ల తిరిగేవాణ్ని కాదు పాపా. మీ నాయనే పిల్చినాడు నన్ను."

ఆయన మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు. రెండు గంటల సైరన్ కూసింది. నేను అలవాటుగా దారి వైపు చూశాను. మట్టి మొహాలు గుంపుగా నడిచి వస్తున్నాయి. ఆయన నా చూపు చూశాడు. నేను అడిగాను, "నాయన ఇంగ రాడా పెద్దనాయనా?" అని.

ఇన్నేళ్లూ ఆయన చెప్పిన జవాబు నా తల మీద చెయ్యిగా ఉండేది. ఆ రోజు చెయ్యి వేయలేదు. నా కళ్లలోకి చూసి, "రాడమ్మా" అన్నాడు.

అప్పుడు ఏడ్చాను. ఎంతసేపో గుర్తులేదు. చిత్రమేమిటంటే, ఏడ్చాక ఊపిరి తేలికగా ఆడింది. మా ఇంట్లో పెద్దవాళ్లు నా మీద ప్రేమతోనే ఆ ఒక్క సందునూ ఐదేళ్లపాటు తడిగుడ్డలతో కుక్కి పెట్టారని నాకు పెద్దయ్యాక అర్థమైంది. వాళ్లను తప్పు పట్టను. అయితే ఆ రోజు మా పెదనాన్న ఆ గుడ్డను కూడా తన చేత్తోనే లాగేశాడు. తమ్ముణ్ని మోసుకొచ్చిన మనిషికి అది ఎంత కష్టమై ఉంటుందో ఇప్పుడు, ఆయన వయసు దాటాక, తెలుస్తోంది.

గుడారం మరో పన్నెండేళ్లు బతికింది. నిలువునా ఆ కుట్టు, ఆపరేషన్ మచ్చలా. దాని కింద కూర్చుని నేను పరీక్షలకు చదువుకున్నాను. మా పెదనాన్నకు మాత్రం రాయిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. చివరి నెలల్లో నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆషాఢం మళ్లీ వచ్చింది. దుమ్ము తగలకూడదని మా అమ్మ ఆయన గది కిటికీ మూసి సందులన్నీ కుక్కింది. నేను పోయి పైన కొంచెం గుడ్డ తీసేసి ఆ వెడ్జిని దూర్చాను. రెండు వేళ్ల సందు. ఆయన మొహం ఆ సందు వైపు తిప్పుకున్నాడు. మాట్లాడే ఓపిక లేదు. మంచం పట్టెను వేలితో రెండుసార్లు తట్టాడు. మూడు రోజులకు పోయాడు. ఏ అర్థంలో పోయాడో నాకు ఈసారి బాగా తెలుసు.

ఇదంతా మేడ మీద కూర్చుని మనవరాలికి చెప్పాను. లోపల పొయ్యి పెట్టొద్దని ఊరికే చెప్పి వదిలేయకుండా, ఎందుకు వద్దో కూడా చెప్పాను. అది ఫోన్ పక్కన పడేసి విన్నది. దాని గుడారానికి పైన జల్లెడ లాంటి గుడ్డతో కుట్టిన చిన్న కిటికీ ఉంది. అది గాలి కోసమేనట. దాన్ని తెరిచి చూపించి, "చలేసినా మూయనులే అవ్వా" అంది. తర్వాత లోపలికి దూరింది. నేను తాడు మీటాను. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. లోపలి నుంచి చువ్వ మీద రెండుసార్లు టకటకమంది. నేను మొహం తిప్పుకుని కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

మనవరాలు బయలుదేరే పొద్దున ఆ వెడ్జిని దాని సంచీలో పెట్టి పంపాలనుకున్నాను. చేతిలోకి తీసుకున్నాను. కాలిన అంచు ఇప్పటికీ వేలికి కొంచెం నల్లగా అంటుతుందేమోనని రుద్ది చూశాను. ఇవ్వాలనే ఉంది, చెయ్యి మాత్రం రాలేదు. ముసలితనంలో ఇంత పిసినారితనం ఏమిటో! అది మెట్లు దిగి పోయిన తర్వాత నా గదిలోకి వచ్చి, దాని చోట దాన్ని పెట్టేశాను.

గనులు మూసేసి చాలా ఏళ్లయింది. తమకలో సైరన్ లేదు, దిబ్బల దుమ్ము ఇంత దూరం రాదు. అయినా నా గది కిటికీ ఏ కాలంలోనూ పూర్తిగా మూసుకోదు. ఆ చెక్క ముక్క దాన్ని మూసుకోనివ్వదు. చలికాలంలో అల్లుడు వచ్చి, ఇదెందుకత్తా, తీసేస్తే వెచ్చగా ఉంటుంది కదా అంటాడు. మధ్యాహ్నం రెండయ్యేసరికి నేను కుర్చీ ఆ కిటికీ దగ్గరికి జరుపుకుంటాను. ఎందుకని ఎవరడిగినా, గాలి కోసమే అని చెబుతాను.